పాపకి స్టెంట్ వేశారు, మిగిలిన డబ్బు ఐదేళ్లు డిపాజిట్ చేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: పాపకి పుట్టుకతోనే గుండెలో లోపం, ఊపిరితిత్తులకి రక్తం చాలక పుట్టిన వారంలోనే కాథెటర్‌తో (రక్తనాళంలోంచి పంపే సన్నని గొట్టంతో) డక్టస్‌లో స్టెంట్ వేశారు, పొదుపులో సగం అయిపోయింది, "గండం గడిచింది కదా, మిగతాది ఐదేళ్ల డిపాజిట్‌లో వేసెయ్" అని మీ అన్నయ్య అంటున్నారు, వేయమంటారా అని.

వద్దండి, ఇప్పుడే వద్దు.

డక్టస్ అంటే బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు పనిచేసే చిన్న రక్తనాళం, పుట్టాక కొద్ది రోజుల్లో దానంతటదే మూసుకుపోతుంది. మీ పాప లాంటి పిల్లలకి ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారి అదే కాబట్టి ముందు ప్రోస్టాగ్లాండిన్ మందు ఎక్కించి తెరిచి ఉంచుతారు, ఆ తర్వాత స్టెంట్ వేస్తారు. ఇదే అవసరానికి, ఛాతీ కోసి ఊపిరితిత్తులకి రక్తం వెళ్లేలా వేరే దారి కలిపే షంట్ ఆపరేషన్ 1944 నుంచీ ఉంది, ఇప్పటికీ చేస్తున్నారు. స్టెంట్ వల్ల ఆ కోత తప్పింది, మంచిదే. కానీ లోపం సరిచేసినట్టు కాదు, అసలు ఆపరేషన్‌కి పాప కాస్త బరువు పెరిగేదాకా గడువు దొరికిందంతే. పాప పెరుగుతుంది, మూడు నాలుగు మిల్లీమీటర్ల స్టెంట్ పెరగదు, పైగా లోపల పొర పెరిగి సన్నబడొచ్చు. అప్పుడు మళ్లీ క్యాథ్ ల్యాబ్ (కాథెటర్‌తో చికిత్స చేసే గది), మళ్లీ వెడల్పు చేసే బెలూనో ఇంకో స్టెంటో. అసలు ఆపరేషన్ కూడా చాలామందికి నెలల్లోనే వస్తుంది, ఏళ్లలో కాదు.

అందుకే ఆ డబ్బు ఒక్క రోజులో చేతికొచ్చేలా సేవింగ్స్‌లోనో, ఎప్పుడైనా తీసుకోగలిగే డిపాజిట్‌లోనో ఉంచండి. వడ్డీ తక్కువొస్తే రానివ్వండి. బిల్లులో స్టెంట్ ధరకన్నా ఐసీయూలో ఎన్ని రోజులు ఉన్నారన్నదే లెక్కని తారుమారు చేస్తుంది, కాబట్టి డాక్టర్‌ని సూటిగా అడగండి: తర్వాతి ప్రొసీజర్ ఎప్పుడు ఉండొచ్చు, ఎన్ని రోజులు ఉండాల్సి వస్తుంది, ప్యాకేజీలో ఏవి కలవవు?

అన్నట్టు, పాపాయిల కోసమే తయారై, తర్వాత బెలూన్‌తో పెద్దది చేసుకోగలిగే స్టెంట్‌కి 2024లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలని పరిశీలించే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది మహాధమని లేదా ఊపిరితిత్తుల ధమని సన్నబడిన పిల్లలకి. మీ కేసు వేరు. ఎవరైనా ఆ వార్త పంపి "ఇక ఆపరేషనే అక్కర్లేదట" అంటే ఖర్చు అంచనా తగ్గించేసుకోకండి.

ఇన్సూరెన్స్ ఉందన్నారు. పుట్టిన బిడ్డకి ఏ రోజు నుంచి కవర్, పుట్టుకతో వచ్చే లోపాలకి వర్తిస్తుందా, ఏడాదికి పరిమితి ఎంత, ఈ మూడూ మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో "వస్తుంది మేడమ్" అన్నది చెల్లదు. కొత్త పాలసీ ఏడాదిలో పరిమితి మళ్లీ మొదలవుతుంది నిజమే, అలాగని దానికోసం ప్రొసీజర్ వాయిదా వేయమని డాక్టర్‌ని అడగొద్దు, ఆక్సిజన్ పడిపోతుంటే తేదీ మన చేతిలో ఉండదు.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చెప్తున్నా. పాప పేరు మీద ఏ పాలసీ తీసుకోవాలా అని చూడకుండా ముందు మీ ఇద్దరికీ టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బొచ్చే బీమా) తీసుకోండి. ఏళ్ల తరబడి చెకప్‌లు నడవాల్సింది మీ జీతాల మీదే.