మంత్రం వేసే ఆయన మంత్రగాడేనా?

సందేహం: మా తాతయ్య కావలి దగ్గర పల్లెలో తేలు కుట్టినవాళ్ళకు మంత్రం వేసేవారు. ఆయన గురించి నాలుగు ముక్కలు రాస్తూ 'మా తాతయ్య పేరున్న మంత్రగాడు' అన్నాను. మా మేనత్త చదివి 'మా నాయన్ని మంత్రగాడంటావా' అని మండిపడింది. 'మాంత్రికుడు' అని దిద్దితే మా అబ్బాయి పడీపడీ నవ్వాడు. వ్యాకరణం ప్రకారం ఏది ఒప్పు? మంత్రసాని కూడా మంత్రాలు వేసేదేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

సమాధానం: వ్యాకరణాన్ని అడిగితే రెండూ ఒప్పే. మీ మేనత్తను అడిగితే రెండూ తప్పే. నా ఓటు మీ మేనత్తకే.

'మంత్రగాడు'లో ఉన్నది 'కాడు' అనే తెలుగు ప్రత్యయం. ఆడవాళ్ళకైతే 'కత్తె'. విలుకాడు, సొగసుకాడు, సొగసుకత్తె అన్నవి ఇలా వచ్చినవే. చాలా మాటల్లో ఆ 'క' కాస్తా 'గ' అయి వేటగాడు, అందగాడు, మంత్రగాడు, మంత్రగత్తె అయ్యాయి. సుబ్బిగాడు, రాముగాడు అని పిలిచే 'గాడు' చెవిలో మోగుతుంటుంది కాబట్టి ఇదేదో చులకన మాట అనుకునేవాళ్ళున్నారు. పేపర్లో 'సీనియర్ ఆటగాడు' అని రాస్తే ఏ క్రికెటరూ నొచ్చుకోడు కదా! మీ మేనత్త కోపం 'గాడు' మీద కాదు.

అసలు సంగతి ఊరి వాడుకలో ఉంది. మంచికి మంత్రం వేసేవాళ్ళకు మన పల్లెల్లో విడిగా ఒక పేరంటూ పెట్టరు. చేసే పనిని బట్టి చెబుతారు. 'ఆ వీధిలో తేలుకు మంత్రమేసే ఆయన ఉండాడు, పోయి పిలుచుకురా' అంటారు. 'మంత్రగాడు' అనేసరికి గొంతు తగ్గుతుంది. అది చేతబడి చేస్తాడని జనం అనుమానించేవాడి పేరు. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. (చేతబడిని తెలంగాణలో బాణామతి అంటారు, గోదావరి, విశాఖ వైపు చిల్లంగి అంటారు. భయం మాత్రం ఒకటే.)

చిన్నప్పుడు పిడకలు తీస్తుంటే నన్నూ తేలు కుట్టింది. మంత్రం వేసే ఆయన వచ్చి, వేపమండతో మోకాలి నుంచి పాదం దాకా దిగదుడుస్తూ, మధ్యమధ్య ఆగి 'యాడదాకా దిగిందబ్బయా?' అని అడిగాడు. చీలమండ చూపించాను. మళ్ళీ దుడిచాడు. వెళ్ళేటప్పుడు మా అమ్మ ఇచ్చిన డబ్బులు ముట్టుకోలేదు. ముట్టుకుంటే మంత్రం పారదని నమ్మకం. నొప్పి మంత్రానికి దిగిందో, దాని టైముకు అదే దిగిందో చెప్పలేను. మీకు కుడితే మాత్రం ఆస్పత్రికే వెళ్ళండి, పాము కాటైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఆయన అడిగిన ఆ 'దిగింది' చూడండి. విషం ఎక్కుతుంది, దిగుతుంది. దయ్యం పడుతుంది, వదులుతుంది. గాలి సోకుతుంది, దిష్టి తగులుతుంది. అంత్రం కడతారు, సోదె చెబుతారు, చేతబడి చేస్తారు. వీటిలో ఒక్క క్రియ మార్చినా వినేవాడు నవ్వుతాడు, ఒక్కోసారి కొంపలంటుకుంటాయి కూడా. డాక్టరు మందు 'ఇస్తాడు'. 'కోడలు మా వాడికి మందు పెట్టింది' అని అత్తగారు అన్నదంటే అది జ్వరం మందు కాదు, మొగుణ్ణి కొంగున కట్టేసుకోవడానికి అన్నంలో కలిపిందని నింద! దానికి 'పెట్టుడు మందు' అని పేరే ఉంది. పక్కనే ఉన్న తమిళంలోనూ అది 'ఇడుమరుందు'. ఇడు అంటే పెట్టు.

అంత్రం అన్నది యంత్రమే. మాట మొదట్లో 'య' ఉంటే తెలుగు నాలుకకు పడదు. యాత్రను జాతర చేసింది, యోగిని జోగి చేసింది. యంత్రం కూడా ఒకవైపు జంత్రమై వాద్యాల్లో చేరింది, ఇంకోవైపు 'య'ను పూర్తిగా వదిలేసుకుని తాయెత్తుగా మొలకెక్కింది. గారడీ కథ ఇంకా తమాషా. గారుడమంటే గరుడుడికి సంబంధించినది, పాము విషాన్ని దించే విద్య. ఆ విద్య పేరే చివరికి సంతలో చేసే కనికట్టుకు మిగిలింది.

ఇక మాంత్రికుడు. ధర్మం నుంచి ధార్మిక, వర్షం నుంచి వార్షిక వచ్చినట్టే మంత్రం నుంచి మాంత్రిక వచ్చింది. ఆ దీర్ఘం తీసేసి 'మంత్రికుడు' అని రాస్తే తప్పు. మాట శుద్ధమైనదే. కానీ 1951లో పాతాళభైరవి వచ్చింది, ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడయ్యాడు. అప్పట్నుంచి ఆ మాట వింటే గడ్డం, నల్ల అంగీ కళ్ళ ముందు నిలబడతాయి. మీ తాతయ్యను ఆ వేషంలో ఊహించుకుని మీ అబ్బాయి నవ్వడంలో వింతేముంది?

మంత్రసానిని పిలిచేది పురుడు పోయడానికి, మంత్రాలకు కాదు. 'సాని' దొరసానిలో ఉన్న గౌరవపు మాటే. 'మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే' అన్న సామెత మీకు తెలిసే ఉంటుంది. అందులో ఉన్నదంతా చేతుల పనే, జపమూ లేదు, విభూతీ లేదు.

మీరు 'మా తాతయ్య తేలుకు మంత్రం వేసేవారు' అని రాసేయండి. 'పేరున్న' అన్న మాట కూడా కొట్టేసి, ఏయే ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళో మీ మేనత్తను అడిగి రాయండి.