ఇన్సులిన్ సీసా మీద 40, సిరంజి మీద 100 ఉంటే వాడొచ్చా?

వాడకండి. షాపులో ఇచ్చి యూ-40 సిరంజి తీసుకోండి.

మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, అదే యూ-40. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది యూ-100. ఇక్కడ చిక్కేమిటంటే, 40 సీసా నుంచి యూ-100 సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. మందు వేసుకుంటున్నా షుగర్ ఎందుకు దిగట్లేదో తెలియక ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు.

నాకు అంతకన్నా భయం దీనికి తలకిందులుగా జరిగితేనే. ఇన్సులిన్ పెన్ను కార్ట్రిడ్జ్‌లో ఉండేది సాధారణంగా మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు. పెన్ను పాడైందని అందులోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే, ఏకంగా 50 యూనిట్లు! చెమటలు, వణుకు, తికమక మొదలై స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు. పొరపాటున అలా వేసుకుంటే, స్పృహలో ఉండగానే గ్లూకోజ్ నీళ్లో చక్కెర నీళ్లో తాగించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

మూత రంగు చూసి ఊరుకోకుండా రెండింటి మీదా అంకె చదవండి. పెద్దవాళ్లకు ఆ చిన్న అక్షరాలు ఆనవు, ఇంట్లో ఎవరైనా చదివి చెప్పాలి.