రెండున్నరేళ్ల గుర్రం మీద 80 కిలోలా? ముందు ఆ జీను దించండి

ప్రశ్న: సార్ నమస్తే. మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా. పోయిన మార్గశిరంల మాళెగావ్ ఖండోబా జాత్రల ఒక మగ గుర్రాన్ని తెచ్చిన. మార్వాడీ క్రాసు, మూడేండ్లు నిండినయ్ అన్నడు బేరగాడు. ఆర్నెల్లు మంచిగ మేపిన. ఇప్పుడు జీను కట్టి ఎక్కితే ముందుకాళ్లు లేపి నిలవడుతున్నది, రెండుసార్లు కింద పడేసింది. పొట్ట కింది తంగ్ పట్టీ బిగిస్తుంటే కరవనీకి వస్తది, లగాం పెడితే తల ఒకటే విదిలిస్తది. నా బరువు 72 కిలోలు, జీను 8 కిలోలు. మీరు అడిగిన కొలతలు ఛాతీ చుట్టు 146 సెంటీమీటర్లు, పొడుగు 138. పండ్ల ఫోటో గూడ పెట్టిన. వీపు మీద రూపాయి బిళ్లంత పుండు అయింది, పసుపు పెడుతున్న. శనగలకు వేడి చేసి పొగరు పట్టింది అంటున్నరు ఊర్లె. మెడికల్ షాపాయన మెత్తబడే ఇంజెక్షన్ ఇస్త, ముండ్ల లగాం పెట్టు, నెలల దారికొస్తది అన్నడు. తులసి పెండ్లి అయినంక వరాత్‌లకు, అంటే పెండ్లి ఊరేగింపులకు తిప్పాలె. విత్తులు కొట్టిపిస్తే పొగరు తగ్గుతదా? ఏం చెయ్యాలె?

జవాబు: పొగరు కాదు అన్నా, వేడి అంతకన్నా కాదు. మీ గుర్రానికి వీపు నొప్పి, నోరు నొప్పి, దానికి తోడు ఇంకా వయసు రాలేదు. ఈ మూడూ కలిసినప్పుడు ముందుకాళ్లు లేపక ఏం చేస్తుంది, నోరు లేని జీవం కాళ్లతోనే చెప్తుంది, రెండుసార్లు చెప్పింది, మీరు మూడోసారి ఎక్కుదామని చూస్తున్నారు.

ముందు వయసు సంగతి. మీరు పంపిన ఫోటోలో పైన మధ్య రెండు పళ్లు చూడండి, ఒకటి ఇంకా పాలపన్నే, చిన్నగా తెల్లగా ఉంది, పక్కది ఊడి కొత్త పన్ను సగం దిగింది. మధ్య జత మారేది రెండున్నర ఏళ్లకి, దాని పక్క జత మూడున్నరకి, చివరి జత నాలుగున్నరకి. కాబట్టి ఇప్పుడు దీనికి రెండున్నర, జాత్రలో కొన్నప్పుడు రెండు. బేరగాడు ఒక ఏడాది కలిపి అమ్మాడు. జాత్రలో కాళ్లు చూస్తారు, రంగు చూస్తారు, సుడులు చూస్తారు, కుదుపు లేని రేవాల్ నడక చూస్తారు, పెదవి ఎత్తి పన్ను మాత్రం చూడరు! సుడికి ఇచ్చే టైంలో సగం పంటికి ఇస్తే ఈ మోసం జరగదు.

ఇప్పుడు బరువు. ఛాతీ చుట్టుకొలతని దాంతోనే గుణించి, వచ్చినదాన్ని పొడుగుతో గుణించి (పొడుగు అంటే భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి దాకా), 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు దాదాపుగా తెలుస్తుంది. మీ కొలతలకి 248 కిలోలు వచ్చింది. మీరూ జీనూ కలిపి 80, అంటే దాని బరువులో 32 శాతం. బాగా ఎదిగిన, కండ పట్టిన గుర్రానికే జీనుతో కలిపి 20 శాతం దాటొద్దంటాం, అంటే ఈ సైజుకి 50 కిలోలు, అదీ ఎదిగినాక. పసి గుర్రానికి ఇంకా తక్కువ. మీరు ఎక్కువ తక్కువ కాదు, ఒకటిన్నర రెట్లు పైనే ఎక్కించారు.

ఎముకలు కింది నుంచి పైకి ముదురుతాయి. గిట్ట దగ్గరివి ముందే గట్టిపడతాయి, ముందుకాలి మోకాలి పైన ఉన్నది రెండు, రెండున్నర ఏళ్లకి, అన్నిటికంటే చివర వెన్నుపూసలు, అవి అయిదేళ్లు దాటితే గానీ పూర్తికావు. మనం కూర్చునేదేమో సరిగ్గా వాటి మీద. కాళ్లు బలంగా కనబడుతున్నాయి కదా సార్ అని అందరూ అడుగుతారు, బలంగా కనబడే కాళ్ల పైన పచ్చి వీపు ఉందని ఎవరూ చూడరు.

లగాం పెడితే తల విదిలించేది కూడా ఆ పసి వయసు వల్లే. రెండున్నర నుంచి నాలుగేళ్ల దాకా దవడ పళ్లు కూడా మారుతుంటాయి, పాత పాలపన్ను కొత్తదాని మీద టోపీలాగా ఇరుక్కుని ఉంటుంది, చిగురు వాస్తుంది. కొన్నిటికి దవడ పళ్ల ముందు చిన్న గింజంత తోడేలు పన్ను ఒకటుంటుంది, లగాం ఇనుము దానికి తగిలిందంటే ప్రాణం పోయినట్టు ఉంటుంది. దెగ్లూర్ నుంచి ఉద్గీర్ వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, గుర్రాన్ని తీసుకుపోయి నోరు తెరిపించండి, తోడేలు పన్ను ఉంటే తీయించండి, లోపల పళ్ల అంచులు కత్తుల్లా ఉంటే ఆకురాయి పట్టిస్తారు. ఇది అయ్యేదాకా నోట్లో ఇనుము పెట్టొద్దు, ముఖతాడు చాలు.

ముళ్ల లగాం సంగతి అడగనేకూడదు. లగాం కూర్చునే చోట పళ్లుండవు, పల్చటి తోలు, దాని కిందే ఎముక. అక్కడ ముళ్లు గుచ్చితే గుర్రం ఆగదు, నొప్పి నుంచి పారిపోవడానికి వెనక్కి లేస్తుంది, వెల్లకిలా మీ మీద పడుతుంది. పైగా 1965 నాటి పశుహింస నివారణ నియమాల ప్రకారం ముళ్లు, మొనలు ఉన్న లగాం వాడటం నేరం. అది అమ్మిన షాపాయన కేసు అయితే రాడు, మీరే పోవాలి.

మెత్తబడే ఇంజెక్షన్ అన్నారే, అది ఏస్‌ప్రోమజీన్ లాంటిది అయ్యుంటుంది. కొట్టించని మగ గుర్రానికి అది వేస్తే ఒక్కోసారి అంగం బయటికి జారి మళ్లీ లోపలికి పోదు, వాచిపోతుంది, చివరికి కోసేయాల్సి వస్తుంది. ఇది షాపాయన చెప్పాడా మీకు? ఇంకా మత్తులో ఉన్న గుర్రం నేర్చుకోదు, తూలుతుంది. పశువుల మందుల షాపులో చీటీ లేకుండా మత్తు మందు అమ్మడమే తప్పు, కొనడం ఇంకా పెద్ద తప్పు. అదే షాపులో ఆవుల కోసం ఇచ్చే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇంజెక్షన్ని కూడా గుర్రానికి పొడిపించుకొస్తారు కొందరు, గుర్రానికి అది నోటి ద్వారా పేస్టు రూపంలోనే, కిలోకి 0.2 మిల్లీగ్రాము లెక్కన, మీ దానికి 50 మిల్లీగ్రాములు. సూది వేస్తే ఆ చోట కుళ్లి చచ్చిన గుర్రాలున్నాయి. కోళ్ల దాణా, పాడి పశువుల దాణా కూడా పెట్టొద్దు, కొన్నిట్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, పశువుకి అది మేలే, గుర్రానికి కొద్దిగా పడినా గుండె ఆగుతుంది.

వీపు పుండు. పసుపు ఆపండి. లీటరు నీళ్లు కాచి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలిపి రోజూ రెండు పూటలా కడగండి, ఈగలు వాలకుండా చూడండి, పుండు మాని తోలు గట్టిపడేదాకా జీను కాదు కదా గోనెసంచి కూడా వెయ్యొద్దు. తంగ్ బిగిస్తే కరవడానికి రావడం దీనివల్లే.

ఇప్పుడు నా పాత గోల, ఎవరు ఏం అడిగినా నేను ఇక్కడికే వస్తానని మా వాళ్లు నవ్వుతారు, నవ్వనీ. పుండు ఉంది, కింద పేడ ఉంది, టీటీ వేయించారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, అంటే వేయించలేదు. మన పశువులన్నిటిలో ధనుర్వాతానికి ఇట్టే దొరికేది గుర్రం. ఆ క్రిమి గుర్రం పేడలోనే ఉంటుంది, కొట్టంలో నేలంతా ఉంటుంది, లాడం మేకు గుచ్చుకున్నా, తంగ్ ఒరుసుకున్నా చాలు. వారం నుంచి మూడు వారాల్లో చెవులు నిటారుగా నిలబడతాయి, తోక పైకి లేచి నిలబడుతుంది, కంటి మూల నుంచి తెల్లపొర అడ్డం వస్తుంది, దవడ బిగుస్తుంది, నాలుగు కాళ్లూ కర్రల్లా అయిపోతాయి. అక్కడిదాకా వచ్చినవి చాలా మటుకు చనిపోతాయి. నేను చూసిన ఒక కేసులో ఆ ఇంటాయన ఆ గుర్రం జీనుకి పెట్టిన ఖర్చు నాకు గొప్పగా చెప్పాడు, టీటీ మాట ఎత్తితే మాత్రం తల దించుకున్నాడు. మనకి పాము కరిస్తే ఆసుపత్రిలో వేసే విరుగుడు మందు గుర్రం రక్తం నుంచే తీస్తారు, ఆ రుణమైనా గుర్తుపెట్టుకుని ఒక సూది వేయించరాదా?

షెడ్యూలు రాసుకోండి. ఇప్పటికే పుండు ఉంది, ముందు టీకా లేదు కాబట్టి డాక్టరు దగ్గర ఒకే రోజు టీటీ మొదటి డోసు ఒక చోట, యాంటీటాక్సిన్ (విరుగుడు మందు) 1500 యూనిట్లు ఇంకో చోట వేయించండి. టీటీ రెండో డోసు 4 నుంచి 6 వారాల మధ్య. ఆ తర్వాత ఏటా ఒకసారి. చివరి డోసు అయి ఆర్నెల్లు దాటినాక కొత్త గాయం అయితే మళ్లీ ఒకటి. కొట్టిస్తే పొగరు తగ్గుతుందా అన్నారు కదా, సగమే నిజం, నొప్పితో లేచే కాళ్లు కొట్టిస్తే దిగవు. వరాత్‌లలో తిప్పాలంటే మాత్రం కొట్టించిందే మేలు, ఎందుకంటే అక్కడికొచ్చేవి ఎక్కువ ఆడ గుర్రాలు, వాటి మధ్య మగది ఆగదు. టీటీ రెండు డోసులూ పూర్తయ్యాక, ఈగలు తగ్గిన చలికాలంలో, మత్తిచ్చి డాక్టరుతోనే. ఆ తర్వాత ఆరు వారాలు ఆడ గుర్రాలకి దూరంగా కట్టండి.

గ్లాండర్స్ రక్తపరీక్ష చీటీ జాత్రలో తీసుకున్నారా? లేకపోతే ఇదే పోకలో చేయించండి. మనుషులకీ అంటుకునే జబ్బు అది, టీకా లేదు.

ఇక నేర్పడం. వచ్చే తులసి పెళ్లికి వరాత్ మర్చిపోండి, ఈ ఏడు మనిషి ఎక్కేదే లేదు. అంతమాత్రాన ఖాళీగా కట్టేయమని కాదు, అగాడి పిచాడి (ముందూ వెనకా తాళ్లు) వేసి రోజంతా కట్టేసిన గుర్రం నిజంగానే చెడిపోతుంది. పుండు మానేదాకా ముఖతాడుతో నడిపించండి, రోజుకి 15 నుంచి 20 నిమిషాలు, వారానికి అయిదు రోజులు, ఎడమ పక్క నుంచి ఎంతో కుడి పక్క నుంచీ అంతే. నడువు అంటే నడవాలి, ఆగు అంటే ఆగాలి, వెనక్కి అంటే రెండడుగులు వెయ్యాలి, నాలుగు కాళ్లూ ఎత్తి ఇవ్వాలి. తాడు లాగుతూ ఉండటం నేర్పడం కాదు, కొద్దిగా లాగి పట్టుకోండి, అది ఒక్క అడుగు వేసిన క్షణంలోనే వదిలేయండి, ఆ వదలడం దగ్గరే అది నేర్చుకుంటుంది. మన దగ్గర చాలామంది అది మాట విన్నాక కూడా లాగుతూనే ఉంటారు, వింటే ఏం లాభం అని గుర్రం అనుకోదా మరి.

గుండ్రంగా తిప్పేది 15, 20 మీటర్ల వెడల్పు చోటులో, ఒక్కో పక్క 5 నిమిషాలు మించొద్దు, చిన్న గుండ్రంలో తిప్పితే పసి కీళ్లు పోతాయి. పుండు మానాక గోనెసంచి చూపించి, వాసన చూడనిచ్చి, మెడ నుంచి తోక దాకా రుద్దండి, తర్వాత దుప్పటి, తర్వాత ఉత్త తంగ్ ఒక్కో రంధ్రమే బిగిస్తూ, ఆ తర్వాత కాళ్లు పెట్టుకునే రికాబులు తీసేసిన జీను, చివరికి రికాబులు వేలాడుతూ డొక్కకి తగులుతుంటే కూడా బెదరకుండా. ఒక్కో మెట్టుకి వారం అనుకోండి, బెదిరితే ఒక మెట్టు వెనక్కి. నోరు బాగయ్యాక నున్నటి లగాం, నోటి మూలలో ఒక ముడత పడేంత బిగువు, అంతే. రెండు పొడుగు తాళ్లు లగాంకి కట్టి వెనక నడుస్తూ నాగలి తోలినట్టు రెండు మూడు వారాలు తోలండి, ఇక్కడ తిరగడం ఆగడం వచ్చేస్తే ఎక్కినప్పుడు సగం గొడవ ఉండదు.

మూడేళ్లు నిండాక, అంటే చలికాలం తర్వాత, 40 కిలోల్లోపు, నిదానమైన మనిషి, మీరు కాదు. మొదట బస్తాలాగా వీపు మీద అడ్డంగా పొట్ట ఆనించి పది సెకన్లు, దిగడం, రెండు పక్కలా. అది లెక్కచెయ్యనప్పుడే కాలు అటు వెయ్యాలి, ముఖతాడు పట్టుకుని ఒకరు తల దగ్గర ఉండాలి, అయిదు నిమిషాల నడక, దిగేయాలి. మొదటి నెల వారానికి మూడు రోజులు, 10 నుంచి 15 నిమిషాలు, నడక మాత్రమే. దౌడు, బ్యాండు ముందు నాచ్, ఇవన్నీ నాలుగు నిండాకే. డీజే చప్పుడుకి ఇప్పటి నుంచే అలవాటు చెయ్యొచ్చు, ఊర్లో పెళ్లి జరిగితే 200 మీటర్ల దూరంలో నిలబెట్టి మేత పెట్టండి, ప్రతిసారీ కొంచెం దగ్గరికి.

మేత మార్చాల్సింది పెద్దగా లేదు. రోజుకి 5 కిలోల ఎండుమేత లెక్క, అందులో మూడొంతులు జొన్న చొప్పే ఉండాలి, శనగలు నానబెట్టినవి అరకిలో చాలు, ఉప్పు 20 గ్రాములు. తవుడు బస్తాలు బస్తాలు పెట్టొద్దు, కాల్షియం తగ్గి మొహం ఎముక ఉబ్బుతుంది. పచ్చి జొన్న మేపొద్దు, నడుము పడిపోతుంది.

జీను కొత్తది కుట్టించండి, మధ్యలో వెన్నెముక మీద గాలి ఆడేట్టు, మెడ మూపు దగ్గర మూడు వేళ్లు దూరాలి. అది కట్టి 20 నిమిషాలు ఉత్తిగా నడిపించి దించాక వీపు మీద చెమట మచ్చ చూడండి, రెండు పక్కలా సమానంగా తడిసి ఉంటే సరిపోయినట్టు, ఆ తడిసిన చోటు మధ్యలో పొడి మచ్చ ఉంటే అక్కడే ఒత్తుతోంది. ఈసారి పళ్ల ఫోటో వద్దు, ఆ చెమట మచ్చ ఫోటో పంపండి, పక్కన టీటీ రెండు డోసుల తేదీలు రాసి.