నానమ్మ పలకకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రశ్న: నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగున్నర. స్కూలు నుంచి వచ్చాక సాయంత్రం దాకా పిల్లల్ని మా అత్తగారే చూసుకుంటారు. ఆవిడకు షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు. మొన్న ఒళ్లంతా చెమటలు పట్టి సోఫాలో ఒరిగిపోయారట. పిల్లలు పక్కనే ఉన్నారు, కానీ ఎవరికీ చెప్పలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో నేర్పుదామంటే మావారు ‘పసిపిల్లలకు లేనిపోని భయాలు పెట్టకు’ అంటున్నారు.
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: నేర్పండి. ఏడేళ్ల పాప ఫోన్ చేసి విషయం చెప్పగలదు. బాబుకు మాత్రం ఒక్క పనే చెప్పండి, పక్కింటి తలుపు కొట్టి ‘నానమ్మ లేవట్లేదు, రండి’ అనడం. అంతకన్నా వాడికి బరువు.

అసలు వాళ్లు ఎందుకు చెప్పలేదో మెల్లగా అడిగి చూడండి. చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లే ‘అమ్మకు చెప్పకండిరా, టెన్షన్ పడుతుంది’ అంటారు. కాబట్టి ముందు మాట్లాడాల్సింది మీ అత్తగారితో. ఇంకోటి, రోజూ ఫోన్ ముట్టుకుంటే తిట్లు తినే పిల్లలు ఆ రోజు మాత్రం ధైర్యంగా ఫోన్ ఎలా తీస్తారు? ‘ఇలాంటప్పుడు ఎవరి ఫోనైనా తీసుకోవచ్చు, పొరపాటున చేసినా ఎవరూ ఏమీ అనరు’ అని మీరూ మీవారూ ఇద్దరూ వాళ్ల ముందు చెప్పండి. ఒకరు చెప్పి ఇంకొకరు కళ్లెర్రజేస్తే పని జరగదు.

నంబర్ ఒక్కటే నేర్పండి, 112. పోలీసు, ఫైరింజను, అంబులెన్సు అన్నిటికీ అదే పనిచేస్తుంది. 108 మనకు 2005 నుంచి బాగా అలవాటు, పెద్దవాళ్లకు నోటికొచ్చేదీ అదే, కానీ రెండూ చెప్పి ఈ వయసులో తికమక పెట్టడం ఎందుకు? అంకెలు ఒకటి, ఒకటి, రెండు అని విడివిడిగా నొక్కించండి. ‘నూట పన్నెండు’ అంటే పాప ఆ బటన్ కోసం వెతుక్కుంటుంది. అత్తగారి ఫోన్‌కు లాక్ ఉన్నా పర్వాలేదు, లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ అని ఉంటుంది, అది నొక్కితే 112కి కాల్ వెళ్తుంది. ఎక్కడుందో పాప వేలితోనే చూపించమనండి. ఫోన్ ఎప్పుడూ ఒకే చోట ఉండాలి, అది మాత్రం మీ చేతుల్లో పని.

తర్వాత ఆట మొదలుపెట్టండి. స్విచాఫ్ చేసిన ఫోన్ పాప చేతికిచ్చి, మీరు అవతలివాళ్లు అవ్వండి. ‘ఎక్కడున్నావమ్మా?’ అంటే మొదటిసారి ‘మా ఇంట్లో’ అంటుంది చూడండి! నాన్న పేరడిగితే ‘నాన్న’ అనే పిల్లలూ ఉంటారు. డోర్ నంబరు, వీధి పేరు, దగ్గర్లో గుడో వాటర్ ట్యాంకో ఏదుంటే అది, మీ ఇద్దరి పేర్లు పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పెట్టే చోట అతికించండి, ఏడేళ్ల పిల్ల చదివి చెప్పేస్తుంది. వాళ్లు చాలు అనేదాకా ఫోన్ పెట్టేయకూడదని కూడా చెప్పండి. ఒకసారి ఆడి వదిలేస్తే మర్చిపోతారు, అప్పుడప్పుడూ ఆడిస్తూ ఉండాలి.

షుగర్ విషయంలో ఒక్క తేడా తెలిస్తే చాలు. పిలిస్తే పలుకుతూ, చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే షుగర్ పడిపోయి ఉండొచ్చు, గ్లూకోజో పంచదార నీళ్లో గ్లాసులో ఇస్తే నానమ్మే పట్టుకుని తాగాలి. ఆ డబ్బా పాపకు అందే అరలో పెట్టండి. తాగినా తేరుకోకపోతే ఫోన్ చేయాల్సిందే. పిలిచినా కదిపినా పలకకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయకూడదు, మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనవాళ్లకు ఎవరు పడిపోయినా నోట్లో నీళ్లు పోయడం అలవాటు కదా, పిల్లలు అదే చూసి అదే చేస్తారు.

చివరగా మీ ఇంటి తలుపు చూడండి. పై గడియ పెట్టుకుంటే పాపకు అందదు, సాయానికి వచ్చినవాళ్లు బయటే నిలబడాలి. పగలు కింది గడియ చాలు.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. దీపావళి వస్తుందంటే భయంగా ఉంది. మంటల గురించి ఇంత చిన్నపిల్లకు ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: బట్టలకు నిప్పంటుకుంటే పిల్లలు పరిగెత్తుతారు, పరిగెత్తితే మంట పెరుగుతుంది. ‘ఆగు, పడుకో, దొర్లు’ అని పరుపు మీద ఆడించండి, మొహం రెండు చేతులతో మూసుకోమనండి. నాలుగేళ్ల వాళ్లకు ఇది భలే సరదా. ఇంట్లో పొగ వస్తే మంచం కిందో బీరువా వెనకో దాక్కోకుండా, వంగి పాకుతూ తలుపు వైపు రావాలని చెప్పండి, దాక్కోవడం ఈ వయసు పిల్లల సహజ గుణం, అందుకే ఇది పదేపదే చెప్పాలి. లిఫ్ట్ ఎక్కకూడదు.

మిగతాదంతా మీ జాగ్రత్త. పట్టులంగాలూ నైలాన్ ఫ్రాకులూ పూజ వరకే, టపాసుల దగ్గరికి నూలు బట్టలు వేయండి. కాలితే కుళాయి కింద చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు పట్టండి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు ఏవీ వద్దు, పక్కింటి పిన్నిగారు ఎంత చెప్పినా సరే.