దుమ్ము పగలు పడితే దమ్ము రాత్రి ఎందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వయసు 36. రైస్‌మిల్లులో పని. ఊక దుమ్ము పడగానే దగ్గు వస్తుంది, ఇన్‌హేలర్ పీలిస్తే తగ్గుతుంది. కానీ ఇంటికొచ్చి పడుకున్నాక మళ్లీ ఆయాసం, పిల్లికూతలు. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ 720 ఉన్నాయన్నారు. రక్తంలోని కణాలకూ దమ్ముకూ ఏం సంబంధం? రోజూ వాడమన్న స్టెరాయిడ్ ఇన్‌హేలర్ భయంతో నెలకే ఆపేశాను.

జవాబు: ముందుగా ఒక మాట. ఆ ఇన్‌హేలర్ ఆపడం వల్లే మీ రాత్రులు ఇలా అవుతున్నాయని నా అనుమానం.

మీ లక్షణాలు అలర్జీ ఆస్తమాలాగే ఉన్నాయి. దుమ్ము పడగానే వచ్చే దగ్గు మొదటి దెబ్బ. నాలుగైదు గంటల తర్వాత వచ్చేది రెండోది. రక్తంలోని ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు శ్వాసనాళాల్లోకి చేరడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది.

సాగర్ ఎడమ కాలువ నిండుగా పారేటప్పుడు అందులో పడ్డ తాటిమట్ట ఎక్కడా ఆగదు. తుమ్మకొమ్మలు నీళ్లలోకి వంగిన చోట మాత్రం తగులుకుంటూ, మెల్లబడుతూ చిక్కుకుపోతుంది. రక్తనాళంలోనూ అంతే. వాపు ఉన్నచోట నాళం లోపలి గోడ మీద సెలెక్టిన్లు అనే ప్రొటీన్లు పైకి తేలతాయి. కొట్టుకుపోతున్న తెల్లకణం వాటికి తగిలి గోడ వెంబడే దొర్లుతుంది. వాపు నుంచి వచ్చే రసాయనాలు సోకగానే కణం మీది ఇంటెగ్రిన్లు అనే కొక్కేలు బిగుసుకుని, గోడ మీది ఐక్యామ్-1, వీక్యామ్-1 అనే ప్రొటీన్లను గట్టిగా పట్టుకుంటాయి. అలా ఆగిన కణం సన్నగా సాగి, గోడ సందులోంచి బయటికి జారుతుంది.

అలర్జీలో ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలు వీక్యామ్-1ను పెంచుతాయి. దాన్ని పట్టే కొక్కెం ఇసినోఫిల్స్ మీద బాగా ఉంటుంది, న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాల మీద చాలా తక్కువ. అందుకే అక్కడ ఇసినోఫిల్స్ గుమిగూడతాయి. పురుగులను చంపడానికి అవి దాచుకున్న విషపు ప్రొటీన్లు మీ శ్వాసనాళాల పొరనే కాలుస్తాయి.

ఈ కొక్కేలు అసలే లేకపోతే బాగుండునని అనుకోకండి. పుట్టుకతోనే ఈ పట్టు లోపించిన పిల్లలకు ఇన్ఫెక్షన్ వచ్చినా చీము పట్టదు, పుండ్లు మానవు.

వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ బిగుసుకున్న గొట్టాన్ని వదులు చేస్తుంది, అంతే. గోడ మీద పట్టు పెరగకుండా చూసేది స్టెరాయిడ్ ఇన్‌హేలర్. వాపు సంకేతాలను అది తగ్గిస్తుంది. దానికి రోజులు, వారాలు పడుతుంది. ఆపేస్తే గోడ మళ్లీ జిగురవుతుంది. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడకండి. మాత్రలతో పోలిస్తే ఇందులో మందు చాలా తక్కువ, నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి.

ఛాతీ డాక్టర్ దగ్గర స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష, చేయించుకోండి. ఇసినోఫిల్స్ 500 దాటితే ఎక్కువ అంటాం. కడుపులో పురుగులున్నా పెరుగుతాయి కాబట్టి మల పరీక్ష కూడా అడగండి. వేలల్లోకి వెళ్తే ఫైలేరియా వల్ల వచ్చే రాత్రి దగ్గును కూడా చూడాలి, దాని మందు వేరు. మిల్లులో ముక్కుకు తువ్వాలు సరిపోదు, ఎన్-95 మాస్క్ పెట్టుకోండి. ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.