డాలస్ బయల్దేరుతున్న చెల్లికి

చెల్లీ,

నిన్న ఫోన్లో "తెల్లవారుజామున మూడున్నరకి ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి డాలస్‌లో దిగుతామక్కా, పదమూడు గంటలేగా" అన్నావు. అప్పట్నుంచి మనసు ఊరుకోలేదు, అందుకే రాస్తున్నాను.

ఆ నాలుగున్నర అక్కడి టైము. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అది కూడా కలిపితే ఇరవై మూడున్నర గంటలు. శంషాబాద్ నుంచి దోహాకి నాలుగున్నర, అక్కడ మూడు గంటలు ఆగడం, ఆ తర్వాత ఏకబిగిన 16 గంటలు. దీనికి హన్మకొండ నుంచి కారు ప్రయాణం, ఎయిర్‌పోర్టులో మూడు గంటల ముందు చేరడం, దిగాక ఇమ్మిగ్రేషన్ లైను కలుపుకో. ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి మనవణ్ణి ఎత్తుకునే దాకా ముప్పై గంటలు దాటుతుంది. మనసులో ఆ లెక్కే పెట్టుకో.

దూరం ఎంతని మరిది గారు అడిగారట. తిన్నగా అయితే దాదాపు 14,400 కిలోమీటర్లు, ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి పోయే దారి అది. దోహా మీదుగా ఇంకో 1,200 పైనే ఎక్కువ. దానికేం బెంగ పడొద్దు. విమానం మారడానికి మూడు గంటలు చేతిలో ఉండటం ముఖ్యం. గంటన్నరలో మారే టికెట్టు ఎంత చవకగా వచ్చినా మన వయసు వాళ్లకి వద్దు.

తేదీ మాత్రం జాగ్రత్త. మా మొదటి ప్రయాణం టికెట్టు మీద 12వ తేదీ 3:30 అని ఉంటే, 12 రాత్రి అనుకున్నాం. 11 సాయంత్రం మా వాడు ఫోన్ చేసి "బయల్దేరారా అమ్మా?" అంటే పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కుక్కర్ అలాగే దించేసి, సగం సర్దిన పెట్టెలతో పరిగెత్తాం. కౌంటర్ మూసే ముందు చేరాం. ఆ టెన్షన్ నీకు వద్దు. నీది 9వ తేదీ కదా, 8 సాయంత్రం ఆరింటికల్లా కారెక్కెయ్యి.

ఫోన్ ఎక్కడికక్కడ టైము మార్చేసుకుంటుంది. మరిది గారి చేతి వాచీని మాత్రం డాలస్ చేరేదాకా మన టైము మీదే ఉంచండి. షుగర్ మాత్రలకి అదే ఆధారం. ఈ గంటల లెక్క డాక్టరుకి చూపించి, ఎప్పుడు ఏది వేసుకోవాలో కాగితం మీద రాయించుకో. మందులన్నీ చేతిసంచిలోనే, పెట్టెలో వెయ్యకు. ఆ 16 గంటల్లో నిద్రపోని ప్రతి గంటా ఒకసారి లేచి నాలుగడుగులు వెయ్యండి, లేకపోతే కాళ్లు వాస్తాయి.

వీల్‌చైర్ ఇప్పుడే రాయించు, మొహమాటపడకు. దోహాలో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి చాలా దూరం.

తిరిగొచ్చేటప్పుడు పైగాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గాల్లో గంటో గంటన్నరో తగ్గుతుంది. కానీ శనివారం సాయంత్రం ఏడింటికి అక్కడ ఎక్కితే ఇక్కడ దిగేది సోమవారం తెల్లవారుజామున. డ్రైవరుకి సోమవారం అని చెప్పకు, ఆదివారం రాత్రి శంషాబాద్ రమ్మను.

మీ అక్కయ్య