నాన్నగారు పోయాక ఖాతాలో పడిన పెన్షన్ ఎవరిది?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన మా నాన్నగారు తన 76వ ఏట డిసెంబరు 9న కాలం చేశారు. నెలకు సుమారు రూ.42,000 పెన్షన్ వచ్చేది. అమ్మతో కలిసి ఉన్న జాయింట్ ఖాతాలోనే పడేది. బ్యాంకుకు చెబితే ఖాతా ఆపేస్తారని అన్నయ్య చెప్పనివ్వలేదు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి పెన్షన్లు పూర్తిగా పడ్డాయి. నాన్నగారి ఏటీఎం కార్డుతో అన్నయ్యే తీసి కర్మకాండలకు, అప్పులకు వాడాడు. ఇప్పుడు కేసు అవుతుందా? అమ్మకు పెన్షన్ వస్తుందా? మరొక మాట. మా ఇంట్లో పనిచేసే ఆవిడ భర్తకు ఎన్టీఆర్ భరోసా పింఛను వచ్చేది. ఆయనా జనవరిలో పోయాడు. ఆమెకు ఏమైనా వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు అన్నయ్యగారి భయం సంగతి. ఇలాంటి ఇళ్లలో నేను తరచుగా వినే మాటే అది, ‘చెబితే ఖాతా ఆపేస్తారు’ అని. చెప్పకపోవడం వల్ల నష్టపోతున్నది మీ అమ్మగారే. ఆవిడకు డిసెంబరు 10 నుంచే ఫ్యామిలీ పెన్షన్ రావాలి. మూడు నెలలుగా ఆ లెక్క మొదలే కాలేదు.

పెన్షన్‌కు గీత మరణించిన తేదీ దగ్గర పడుతుంది. ఆ రోజు వరకు, ఆ రోజుతో కలిపి, వచ్చేది మీ నాన్నగారిది. మర్నాటి నుంచి పడిన ప్రతి రూపాయీ ప్రభుత్వానిది. ఖాతా జాయింట్ అయినంత మాత్రాన ఆ డబ్బు అమ్మగారిది కాదు. కుండ ఇద్దరిదీ కావచ్చు, అందులో పొరపాటున పోసిన నీళ్లు మాత్రం పక్కింటివే. మరి పెన్షన్ ఎందుకు ఆగలేదంటారా? నాన్నగారు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే ఉంటారు. మళ్లీ నవంబరు దాకా బ్యాంకు దృష్టిలో ఆయన బతికే ఉన్నట్టు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. డిసెంబరులో నాన్నగారికి న్యాయంగా రావలసింది 9 రోజుల పెన్షన్. 42,000ను 31తో భాగించి 9తో గుణిస్తే రూ.12,194. అంటే ఆ నెల ఎక్కువగా పడింది రూ.29,806. జనవరి, ఫిబ్రవరిలవి రూ.84,000. మొత్తం తిరిగి ఇవ్వవలసింది రూ.1,13,806.

ఇంతవరకే చూస్తే గుండె గుభేలుమంటుంది. రెండో వైపు కూడా చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి పెన్షన్ చివరి జీతంలో 50 శాతం, మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. అంటే భర్త పెన్షన్‌లో రమారమి అరవై శాతం భార్యకు వస్తుంది, డీఏ కూడా అదే రేటు. మీ లెక్కలో నెలకు దాదాపు రూ.25,200. (రిటైరైన ఉద్యోగి పోతే తొలి ఏడేళ్లు, లేదా ఆయనకు 67 ఏళ్లు నిండే దాకా, ఏది ముందైతే అంతవరకు ఎక్కువ రేటు ఉంటుంది. నాన్నగారికి ఆ వయసు దాటింది కాబట్టి అది మీకు వర్తించదు.) డిసెంబరులో మిగిలిన 22 రోజులకు రూ.17,884, రెండు నెలలకు రూ.50,400, కలిపి రూ.68,284. మీ చేతి నుంచి నికరంగా పోయేది రూ.45,522 మాత్రమే. పైసల్లో తేడా రావచ్చు, అసలు సంగతి మారదు.

కాకపోతే ఒక మెలిక ఉంది. బ్యాంకు మీలాగా తీసివేత చేసి తేడా మాత్రమే అడుగుతుందని అనుకోకండి. ఎక్కువగా పడిన మొత్తాన్ని ముందు ఖాతాలోంచి వెనక్కు తీసుకుని, అమ్మగారి బకాయిలను తరువాత జమ చేయవచ్చు. కాబట్టి వీలైతే పూర్తి లక్షా పద్నాలుగు వేలూ ఖాతాలో ఉంచి వెళ్లండి. అంత సర్దలేకపోతే, బకాయిల్లో మినహాయించుకుని మిగతాది వాయిదాల్లో తీసుకోమని రాతపూర్వకంగా అడగండి. ఆ నలభై అయిదు వేల భారం అమ్మగారి నెలసరి పెన్షన్ మీద పెట్టకండి. కర్మకాండల ఖర్చు పిల్లలది, అన్నాచెల్లెళ్లు పంచుకోండి. ఇది నిబంధన కాదు, నా అభిప్రాయం.

కేసు సంగతి. పోయిన మనిషి కార్డుతో డబ్బు తీయడం తప్పే. అది ఇంట్లో జరిగే మామూలు పొరపాటే అయినా చట్టం దృష్టిలో తప్పే. అయితే మూడు నెలల్లో మీ అంతట మీరే వెళ్లి చెప్పి, డబ్బు కట్టేస్తే వ్యవహారం సాధారణంగా లెక్కల దగ్గరే తెమిలిపోతుంది. తెలిసీ ఏళ్ల తరబడి దాచి తినేవాళ్ల మీద మోసం కేసులు పడతాయి. ఆ కార్డును ఈ రోజే కత్తిరించి పారేయండి. నాన్నగారి ఫోన్లోని బ్యాంకు యాప్‌ను కూడా ఎవరూ తెరవకండి. మార్చి పెన్షన్ ఏప్రిల్ మొదట్లో పడుతుంది, అది పడకముందే బ్యాంకుకు వెళ్లాలి.

తీసుకెళ్లవలసినవి ఎక్కువేం లేవు. మరణ ధ్రువపత్రం, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు)లో మీ దగ్గరున్న ప్రతి, అమ్మగారి ఆధార్, పాన్, ఫోటో, ఒక దరఖాస్తు, ఎక్కువ పడితే తిరిగి ఇస్తామనే హామీపత్రం. పీపీఓలోనే భార్య పేరుతో ఫ్యామిలీ పెన్షన్ మంజూరై ఉంటే పాత ఆఫీసు చుట్టూ తిరగనక్కరలేదు, బ్యాంకే మొదలుపెట్టాలి. జాయింట్ ఖాతా ఉంది కాబట్టి కొత్త ఖాతా తెరవమని కూడా పట్టుబట్టకూడదు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించకపోయి ఉంటే ముందు ఆ పని చూడండి. నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది.

పని ఆగేది సాధారణంగా పేరు దగ్గర. పీపీఓలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాన్‌లో అసలు లేకుండా. ఇంటి దగ్గరే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పీపీఓలో అమ్మగారి పుట్టిన తేదీ ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే ఇప్పుడే చేర్పించండి. 80 ఏళ్లు నిండాక ఫ్యామిలీ పెన్షన్‌కు 20 శాతం అదనం వస్తుంది, అప్పుడు ఆ తేదీ కోసం వెతుక్కోవలసి వస్తుంది. మా మేనమామ పోయినప్పుడు ఒక బ్యాంకు కౌంటరులో అబ్బాయి అన్ని కాగితాలూ తిరగేసి ‘పెన్షనరు సంతకం ఏదండీ’ అని అడిగాడు. మరణ ధ్రువపత్రం అతని చేతిలోనే ఉంది. అలాంటివారు తగిలితే వాదించకండి, మేనేజరు గదిలోకి వెళ్లండి. దరఖాస్తు నకలు మీద బ్యాంకు ముద్ర మాత్రం వేయించుకోండి.

పన్ను విషయం క్లుప్తంగా. డిసెంబరు 9 వరకు వచ్చిన ఆదాయానికి రిటర్ను వేయవలసి ఉంటే, నాన్నగారి పేరిట వారసులుగా మీలో ఒకరు నమోదై వేయాలి. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ జీతం కిందికి రాదు, ‘ఇతర ఆదాయం’ కింద చూపాలి. అందులో మూడో వంతు లేదా కొత్త విధానంలో రూ.25,000, పాత విధానంలో రూ.15,000, ఏది తక్కువైతే అది మినహాయింపు. నవంబరు నుంచి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసింది ఆవిడే.

పాస్‌బుక్‌లో మరొకటి చూడండి. ఏటా రూ.20 కోత కనిపిస్తే అది ప్రమాద బీమా. నాన్నగారికి 70 దాటింది కాబట్టి ఆయన పేరున ఏమీ రాదు. అదే మీ పనావిడ భర్త వయసు తక్కువైతే సంగతి వేరు. రూ.20 కోత ఉండి ప్రమాదంలో పోతే రెండు లక్షలు, రూ.436 కోత (అది జీవిత బీమా) ఉండి 55 లోపు పోతే కారణం ఏదైనా రెండు లక్షలు. ఆయన పాస్‌బుక్ అడిగి చూడండి.

ఆమె సంగతి మీదానికి పూర్తిగా వేరు. ఎన్టీఆర్ భరోసా పింఛను ఆ మనిషికి ఇచ్చే సాయం, వారసులకు ఆస్తిలా రాదు. ఆయన పోయాక ఆ పేరు మీద ఎవరూ తీసుకోకూడదు. అయితే పింఛనుదారుడైన భర్త పోతే భార్యకు స్పౌజ్ పెన్షన్ ఇచ్చే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. నెలకు రూ.4,000, ఆమె ఇప్పటికే మరో పింఛను తీసుకుంటూ ఉండకపోతే. అది దానంతటదే రాదు. భర్త మరణ ధ్రువపత్రం, తన ఆధార్ పట్టుకుని వార్డు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును కలవాలి. జనవరిలో పోయారంటున్నారు కాబట్టి ఇప్పటికే ఆలస్యమైంది. ఆమెకు ఒక రోజు సెలవిచ్చి, దరఖాస్తు మీరే రాసి పెట్టండి.